ట్రైలర్ ప్లగ్గుకు చిలుము పడితే: ఎక్కడ రుద్దాలి, ఎక్కడ కోసి పారేయాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక తగిలించి లాగే, లోపల ఉండగలిగే బండి) కొన్ని నెలలు ఆరుబయటే ఉంది. ఇప్పుడు చూస్తే, దాని లైట్లను, బ్రేకులను లాగే బండికి కలిపే ఏడు బ్లేడ్ల (పిన్నుల) ప్లగ్గు లోపలంతా పచ్చగా చిలుము. కుడి ఇండికేటర్ వేస్తే వెనక లైట్లన్నీ కలిసి మినుకుతున్నాయి. లాగే బండిలో కూర్చుని ట్రైలర్ బ్రేకులను నడిపించే పరికరం, బ్రేక్ కంట్రోలర్, కాసేపు ట్రైలర్ తగిలించి ఉందని చూపిస్తుంది, కాసేపు లేదని. వెనిగర్‌తో కడిగి, ఏదో ఒక స్ప్రే కొట్టి వచ్చే వారం ప్రయాణం పెట్టుకోవచ్చా అని అడిగారు.

లైట్ల గొడవ ఒక్కటే అయితే శుభ్రం చేసి చూడండి అనేవాణ్ణి. బ్రేక్ కంట్రోలర్ కనెక్షన్ పోగొట్టుకుంటోంది కాబట్టి అలా అనలేను. కొలిచి చూడకుండా ఆ ట్రైలర్‌ను రోడ్డెక్కించకండి. పని పెద్దది కాదు. సగం రోజు, ఒక మల్టీమీటర్, కొన్ని చిన్న సామాన్లు ఉంటే చాలు. కాకపోతే ఏ పని ముందో, ఏది తర్వాతో తెలిసి చేయాలి.

ముందు ఒక విషయం. కంటికి కనిపించే పచ్చదనం అసలు జబ్బు కాకపోవచ్చు. బ్లేడు మీద పలచగా చిలుము ఉన్నా, ప్లగ్గు పెట్టినప్పుడు ఒరుసుకునే చోట లోహం మెరుస్తూ ఉంటే కరెంటు బాగానే పోతుంది. అదే బ్లేడు తళతళలాడుతున్నా, దాని వెనక స్క్రూ కింద వైరు నల్లబడి ఉంటే ఏమీ పోదు. అందుకే మెరుపును నమ్మకండి, వోల్టేజీ ఎక్కడ పడిపోతోందో చూడండి.

ఆ పడిపోవడం ఎంత ముఖ్యమో ఒక లెక్కలో తెలుస్తుంది. 10 అంగుళాలు, 12 అంగుళాల ఎలక్ట్రిక్ బ్రేకుల్లో ఒక్కో మాగ్నెట్ (చక్రానికొకటి, కరెంటు వస్తే బ్రేకు పట్టించేది) పూర్తి వోల్టేజీ దగ్గర సుమారు 3 ఆంపియర్లు లాగుతుంది. రెండు ఇరుసుల ట్రైలర్‌కు నాలుగు మాగ్నెట్లు, అంటే దాదాపు 12 ఆంపియర్లు. బ్రేకు పిన్ను దగ్గర చిలుము వల్ల 0.1 ఓమ్ నిరోధం చేరిందనుకోండి. 12 ఆంపియర్ల దగ్గర 1.2 వోల్టులు అక్కడే పోతాయి. బ్రేకులకు అందాల్సిన దానిలో పదో వంతు ప్లగ్గులోనే ఆవిరైనట్టు. పైగా ఆ ఒక్క చుక్కంత చోట 14 వాట్ల వేడి పుడుతుంది, ఇంచుమించు ఒక చిన్న సోల్డరింగ్ ఐరన్ అంత. ప్లగ్గుల ప్లాస్టిక్ ఒక పిన్ను చుట్టూ మాత్రమే కరిగి కనిపించడానికి కారణం ఇదే. ఎల్‌ఈడీ లైట్లు లాగేది చాలా తక్కువ కరెంటు కాబట్టి ఇలాంటి కనెక్షన్ మీద కూడా చక్కగా వెలుగుతాయి. "లైట్లు వెలుగుతున్నాయి, ప్లగ్గు బాగానే ఉంది" అనే మాట బ్రేకుల విషయంలో ప్రమాదకరం.

మీటరును ఓమ్స్‌లో పెట్టి అటూ ఇటూ ముట్టిస్తే కూడా సరిగ్గా ఇదే మోసం జరుగుతుంది. మీటరు పంపే కరెంటు అతి స్వల్పం. వైరులో ఒకే ఒక్క పోగు మిగిలి ఉన్నా అది బీప్ అంటుంది, మీరు బాగుందనుకుంటారు. లోడు మీద, అంటే లైట్లో బ్రేకులో కరెంటు లాగుతున్నప్పుడు కొలిచిందే కొలత.

మీ ఇండికేటర్ సంగతి చూస్తే నా అనుమానం గ్రౌండు మీద, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి మీద. ఒక లైటు వేస్తే సంబంధం లేని మిగతా లైట్లు మినుకుతున్నాయంటే, కరెంటు తిరిగి వెళ్లడానికి సరైన దారి దొరక్క పక్క లైట్ల గుండా దారి వెతుక్కుంటోందన్నమాట. దీన్ని తేల్చడానికి తేలికైన పరీక్ష ఒకటుంది. ఒక జంపర్ కేబుల్ తీసుకుని, లాగే బండి చాసిస్ మీద శుభ్రమైన లోహం ఉన్న చోట ఒక కొస, ట్రైలర్ ఫ్రేము మీద పెయింటు లేని చోట రెండో కొస పట్టించండి. లైట్లు సర్దుకుంటే దోషం ప్లగ్గు గ్రౌండు పిన్నులోనో, దాని వైరులోనో, ఆ వైరు ఫ్రేముకు బిగించిన చోటనో ఉంది. సర్దుకోకపోతే వెనక లైట్ల దగ్గరి గ్రౌండు చూడాలి.

ఈ పరీక్ష చేసేటప్పుడు ట్రైలర్‌ను హిచ్ బాల్ (బండి వెనక ట్రైలర్ కూర్చునే ఇనుప గుండు) మీద నుంచి దించి, సేఫ్టీ చైన్లు కూడా తీసి, ప్లగ్గు మాత్రం పెట్టి ఉంచండి. చాలామంది పట్టించుకోని విషయమిది. బాల్, దాన్ని పట్టుకునే ట్రైలర్ కప్లర్, చైన్లు అన్నీ లోహమే కాబట్టి, గ్రౌండు వైరు పూర్తిగా తెగిపోయినా కరెంటు వాటి గుండా తిరిగి వెళ్తుంది. నిలబడి ఉన్నప్పుడు అంతా బాగుంటుంది. గతుకులో బాల్ కదిలితే, లేదా గ్రీజు మధ్యలోకి వస్తే, ఒక్క క్షణం లైట్లు, బ్రేకులు రెండూ పోతాయి. కంట్రోలర్ ఉందీ లేదూ అని ఊగిసలాడటానికి ఇది కూడా కారణం కావచ్చు. దించే ముందు చక్రాలకు రెండు వైపులా చెక్కలు పెట్టడం మరచిపోకండి.

ఇక అంకెలు తీసుకుందాం. లైట్లన్నీ వేయండి. మీటరును డీసీ వోల్టుల్లో పెట్టి, ఒక ప్రోబు లాగే బండి బ్యాటరీ నెగెటివ్ మీద, మరొకటి ట్రైలర్ ఫ్రేము మీద పెట్టండి. 0.1, 0.2 వోల్టులు చూపిస్తే పర్వాలేదు. అర వోల్టు, అంతకు మించి చూపిస్తే దారిలో ఎక్కడో అడ్డం ఉంది. లైట్లన్నీ ఎల్‌ఈడీలైతే లోడు సరిపోదు, బ్రేకులు వేసి కొలవాలి. ఒకరు లోపల కూర్చుని కంట్రోలర్ గెయిన్ (బ్రేకులకు ఎంత బలం పంపాలనే సెట్టింగు) పూర్తిగా పెంచి, చేతి లీవరు చివరిదాకా నొక్కి పట్టాలి. అప్పుడు ప్లగ్గుకు అటు ఒకటి, ఇటు ఒకటి ప్రోబు పెట్టి బ్రేకు వైరులో ఎంత పడుతోందో చూడండి. లీవరు సగం నొక్కితే లెక్క తప్పుతుంది, ఎందుకంటే కంట్రోలర్ కరెంటును ముక్కలు ముక్కలుగా పంపుతుంది, మీటరు దాని సగటు చూపిస్తుంది. పని అయ్యాక గెయిన్ మళ్లీ పాత చోటికి తేవాలి. డీసీ కొలిచే క్లాంప్ మీటరు దొరికితే ఇంకా మంచిది. బ్రేకు వైరు చుట్టూ తగిలించి ఆంపియర్లు నేరుగా చూడవచ్చు. నాలుగు మాగ్నెట్లకు 12 దగ్గర రావాలి. 9 వస్తే ఒక మాగ్నెట్ పనిచేయడం లేదని, 6 వస్తే ఒక ఇరుసు మొత్తం పోయిందని అనుమానించండి. మామూలు క్లాంప్ మీటర్లు చాలావరకు ఏసీ మాత్రమే కొలుస్తాయి, కొనేముందు చూసుకోండి. ఇన్సులేషన్‌లోకి సూది గుచ్చి మాత్రం కొలవకండి. ఆ చిన్న రంధ్రంలోంచే నీళ్లు దిగుతాయి.

రంగుల గురించి ఒక హెచ్చరిక. ఈ ఏడు బ్లేడ్ల ప్లగ్గుకు వాడుకలో రెండు రంగుల పద్ధతులున్నాయి. తెలుపు గ్రౌండు, నలుపు ఛార్జింగ్ (బండి నుంచి ట్రైలర్ బ్యాటరీకి), నీలం బ్రేకు, ఈ మూడూ రెండింటిలోనూ ఒకటే. మిగతావి మారిపోతాయి. గోధుమ రంగు ఒక పద్ధతిలో వెనక లైట్లు, రెండోదానిలో కుడి ఇండికేటర్. ఆకుపచ్చ సరిగ్గా దానికి తలకిందులు. మీది చేతులు మారిన ట్రైలర్ కాబట్టి మధ్యలో ఎవరు ఏం కలిపారో ఎవరికీ తెలియదు. ప్లగ్గు విప్పే ముందు ఫొటో తీసుకోండి, ఏ రంగు ఏ పిన్ను స్థానంలో ఉందో రాసుకోండి. తిరిగి కలిపేటప్పుడు రంగును కాదు, స్థానాన్ని చూసి కలపండి.

శుభ్రం చేయడానికి ముందు ప్లగ్గును బండి నుంచి తీసేయండి. ఆగిన చోట ట్రైలర్‌కు బయటి కరెంటు అందించే కేబుల్ తీసేయండి. ట్రైలర్ బ్యాటరీ నెగెటివ్ కూడా విప్పండి. 12 వోల్టులే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. ప్లగ్గు విడిగా వేలాడుతున్నా అందులోని ఛార్జింగ్ పిన్నుకు ట్రైలర్ బ్యాటరీ నుంచి వోల్టేజీ వస్తూనే ఉంటుంది. ఇత్తడి బ్రష్షు ఆ పిన్నును, గ్రౌండు పిన్నును కలిపిందంటే నిప్పురవ్వలే.

మీ ప్లగ్గులో ఏ పిన్ను ఎక్కువగా పాడైందో గమనించారా? చాలావరకు ఆ ఛార్జింగ్ పిన్నే అయి ఉంటుంది. కారణం వాన ఒక్కటే కాదు. ఆ పిన్నుకు ఎప్పుడూ పాజిటివ్ వోల్టేజీ ఉంటుంది, అదే ప్లగ్గులో గ్రౌండు పిన్ను, రెండింటి మధ్య తేమ. అంటే బండి కదలకుండా నిలబడి ఉన్నంత కాలం అక్కడ సన్నగా విద్యుద్విశ్లేషణ జరుగుతూనే ఉంటుంది, పాజిటివ్ వైపు లోహం కరిగిపోతూ ఉంటుంది. ఎంత రుద్దినా నెల తిరిగేసరికి అదే పిన్ను మళ్లీ పచ్చబడటం ఇందువల్లే. లాగే బండి వైపు సాకెట్లో కూడా ఇదే జరగవచ్చు, కొన్ని బండ్లలో ఇంజిన్ ఆపినా ఆ పిన్నుకు సరఫరా ఉంటుంది. నిలిపి ఉంచేటప్పుడు ట్రైలర్ బ్యాటరీ డిస్‌కనెక్ట్ స్విచ్చు ఆపండి, ఆపాక ఆ పిన్ను దగ్గర వోల్టేజీ పోయిందో లేదో మీటరుతో చూడండి. కొన్ని ట్రైలర్లలో ఛార్జింగ్ లైను స్విచ్చును దాటి నేరుగా బ్యాటరీకి వెళ్తుంది. అప్పుడు బ్యాటరీ నెగెటివ్ విప్పడమే మార్గం. బయలుదేరే ముందు తిరిగి పెట్టడం మాత్రం ప్రాణావసరం. ట్రైలర్ విడిపోతే బ్రేకులు వేసే బ్రేక్‌అవే స్విచ్చుకు ఆ బ్యాటరీయే ఆధారం.

రుద్దడానికి చిన్న ఇత్తడి బ్రష్షు, లోపలి సందులకు ఫైబర్ గ్లాస్ పెన్ను, ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే ఉంటే చాలు. స్టీల్ ఊల్ వద్దు. దాని పోగులు విరిగి పిన్నుల మధ్య ఇరుక్కుంటాయి, షార్ట్ అవుతుంది. వెనిగర్ చిలుమును కరిగిస్తుంది, అది నిజమే. కానీ విప్పి బయటికి తీసిన లోహపు ముక్కలకు మాత్రమే వాడండి, తర్వాత మంచినీళ్లతో బాగా కడిగి పూర్తిగా ఆరబెట్టండి. వైర్లు బిగించి ఉన్న ప్లగ్గును వెనిగర్‌లో ముంచితే ఆ ఆమ్లం వెనక్కి పాకి, స్క్రూల కింద, రాగి పోగుల మధ్య ఉండిపోతుంది. ముందువైపు బాగు చేసిన దానికన్నా వెనకవైపు పాడు చేసిందే ఎక్కువవుతుంది. ఉప్పు కలిపిన వెనిగర్ చిట్కాలు చెబుతుంటారు, వాటి జోలికి అసలు పోకండి. ఉప్పులోని క్లోరైడు మిగిలిపోతే చిలుము ఇంకా వేగంగా తిరిగి వస్తుంది.

రుద్దిన తర్వాత ఇత్తడి పసుపుగా మెరిస్తే సంతోషం. గులాబీ రంగు మచ్చలు కనిపిస్తే ఆ ముక్క పని అయిపోయింది. ఇత్తడిలోని జింకు కరిగిపోయి, పెళుసైన రాగి మాత్రమే మిగిలిందని అర్థం. అలాగే బ్లేడును పట్టుకునే కాంటాక్టు వదులైతే శుభ్రం చేయడం వల్ల బిగువు తిరిగి రాదు. ఒకసారి వేడెక్కి రంగు మారిన స్ప్రింగు కూడా అంతే. ప్లాస్టిక్ ఎక్కడైనా కరిగి ఉంటే ఆలోచించాల్సిన పనే లేదు, మార్చేయండి.

ఇప్పుడు అసలైన చోటుకు వద్దాం, ప్లగ్గు వెనక భాగం. మూత విప్పి ఒక్కో వైరు స్క్రూ కింద నుంచి బయటికి తీయండి. రాగి పోగులు ఎర్రగా మెరుస్తుంటే అదృష్టం. నల్లగానో, పచ్చగా పొడిలాగానో ఉంటే అంగుళం కోసి, ఇన్సులేషన్ ఒలిచి మళ్లీ చూడండి. పోగుల మధ్య సన్నటి ఖాళీలగుండా నీళ్లు వైరు లోపలికి పాకుతాయి, ఒక్కోసారి అడుగు దాటి కూడా. మెరిసే రాగి వచ్చేదాకా కోస్తూ వెళ్లాలి. నల్లటి రాగిని క్రింప్ చేయడం (లోహపు గొట్టంలో పెట్టి నొక్కి బిగించడం) వృథా, దానికి టంకం కూడా అంటుకోదు.

కోస్తూ పోతే కేబుల్ పొట్టి అయిపోతుంది. అందుకే నా సలహా, ఆ స్క్రూల ప్లగ్గును వదిలేసి, ప్లగ్గు, కేబుల్ కలిపి ఒకే ముక్కగా పోత పోసి వచ్చేది కొనండి. వెనక నుంచి నీళ్లు దిగే దారి దానికి ఉండదు. ఛార్జింగ్, గ్రౌండు వైర్లు 10 గేజ్, బ్రేకు వైరు 12 గేజ్ ఉన్నది తీసుకోండి (గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావు). అన్నీ సన్న వైర్లే ఉన్న చవక కేబుళ్లూ అమ్ముతారు, కొత్తదైనా అందులో వోల్టేజీ పడుతుంది. రెండో కొసను ట్రైలర్ ముందు త్రికోణం మీద ఒక జంక్షన్ బాక్సులో, రింగు లగ్గులతో (వైరు కొసకు వేసే లోహపు ఉంగరాలతో) బోల్టులకు బిగించండి. బాక్సు లేకపోతే పెట్టించండి. ఇకముందు ఏ దోషం వచ్చినా అక్కడ మూత తీసి ఏడు వైర్లనూ విడివిడిగా కొలవవచ్చు. అన్నీ ఒక్క పూటలో మీకే అర్థమైపోతాయి.

జాయింట్లకు లోపల జిగురు ఉన్న, వేడికి ముడుచుకునే హీట్ ష్రింక్ కనెక్టర్లు వాడండి, సరైన క్రింపింగ్ టూలుతో నొక్కి, రెండు కొసల్లోంచి జిగురు బయటికి ఉబికే వరకు వేడి చేయండి. కటింగ్ ప్లేయరుతో నలిపితే అది క్రింప్ కాదు. ట్రైలర్ అడుగున టంకం పెట్టిన జాయింట్లు నాకిష్టం లేదు. టంకం పోగుల్లోకి పాకి గట్టిపడుతుంది, గట్టి భాగం ముగిసే చోట అదురుకు వైరు విరుగుతుంది. వైరును కోయకుండా గుచ్చి కలిపే ట్యాప్ కనెక్టర్లు ట్రైలర్ అడుగున ఎక్కడ కనిపించినా తీసేయండి. సెకండ్ హ్యాండ్ ట్రైలర్లలో సగం రోగాలు వాటిలోనే ఉంటాయి. చక్రాల వెనక, మాగ్నెట్ల దగ్గర ఉన్న జాయింట్లు కూడా చూడండి, నీళ్లు, బురద నేరుగా చిమ్మేది అక్కడే. బ్రేకు ఆంపియర్లు తక్కువ వస్తే ప్లగ్గు తర్వాత నేను చూసే చోటు అది.

గ్రౌండు వైరు ఫ్రేముకు కలిసే చోట సాధారణంగా ఒక స్క్రూ పెయింటు మీదే బిగించి ఉంటుంది. దాన్ని విప్పి, లోహం తెల్లగా కనిపించేదాకా గీకి, కొత్త రింగు లగ్గు, పళ్లున్న స్టార్ వాషరు వేసి, బోల్టు, నట్టుతో బిగించండి. బిగించాక పైన పెయింటు గానీ గ్రీజు గానీ పూయండి. ముందు పూసి తర్వాత బిగించకూడదు. పది నిమిషాల పని, కానీ మీ లక్షణాలు చూస్తే సగం దోషం ఇక్కడే దొరుకుతుందని నా నమ్మకం.

డైఎలెక్ట్రిక్ గ్రీజు గురించి కూడా అడిగారు. అది సిలికోన్ గ్రీజు, కరెంటును పోనివ్వదు. ప్లగ్గు పెట్టినప్పుడు లోహం లోహాన్ని ఒరుసుకునే చోట అది పక్కకు జరిగిపోతుంది, చుట్టూ ఉండి నీళ్లను ఆపుతుంది. శుభ్రం చేసి ఆరిన తర్వాత పలచగా పూయండి. ముద్దగా కుక్కితే దుమ్ము, ఇసుక పట్టుకుంటాయి. చిలుము మీద పూస్తే ప్రయోజనం లేదు, లోపలి తేమను మూతపెట్టి దాచినట్టే. రాగి పొడి కలిపిన గ్రీజు మాత్రం ఏడు పిన్నుల ప్లగ్గులో ఎప్పుడూ వాడవద్దు. అది కరెంటును పోనివ్వవచ్చు, ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకు దారి వేయవచ్చు. మీ దగ్గరున్న డబ్ల్యూడీ-40 తేమను తరిమేస్తుంది గానీ ఎక్కువ కాలం కాపాడే పూత కాదు.

బండి వైపు సాకెట్‌ను మరచిపోకండి. ట్రైలర్ వైపు కొత్తది పెట్టి, అటు పచ్చటి బ్లేడ్లు అలాగే వదిలేస్తే అదే చిలుము కొత్త కాంటాక్టులకు అంటుకుంటుంది. సాకెట్ మూత స్ప్రింగు వదులై సగం తెరుచుకుని ఉంటే సాకెట్ మార్చండి. ట్రైలర్ ప్లగ్గును నిలిపి ఉంచేటప్పుడు నేల మీద పడేయకుండా, ముఖం కిందికి ఉండేలా ఒక హోల్డరులో పెట్టండి. ప్లాస్టిక్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేయడం చాలాచోట్ల చూస్తాను. లోపలి తేమ బయటికి పోలేక అక్కడే నీరవుతుంది, చుట్టకపోవడమే నయం.

బయటి కరెంటు తీసుకునే 30 ఆంపియర్ల ప్లగ్గు కూడా కొంచెం నల్లబడిందని చివర్లో రాశారు. దాన్ని పైన చెప్పిన వాటితో కలపకండి. అది 12 వోల్టుల వ్యవహారం కాదు, అమెరికా పద్ధతి 120 వోల్టులు. ఆ నలుపు చాలావరకు చిలుము కాదు, కాలిన గుర్తు. బ్లేడు దగ్గర ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగినా, వంగినా రుద్ది వాడవద్దు, కొత్త ప్లగ్గు వేయించండి. ఏసీ గానీ హీటరు గానీ గంటలకొద్దీ నడిచే లైను అది, మంటలు లేచేది అక్కడే. ఇకమీద ప్లగ్గు పెట్టేటప్పుడు, తీసేటప్పుడు పెడెస్టల్ (ట్రైలర్ నిలిపే చోట కరెంటు ఇచ్చే స్తంభం) మీది బ్రేకర్ ఆపి చేయండి. లోడు మీద లాగితే ప్రతిసారీ బ్లేడు కొంచెం కాలుతుంది.

అంతా కలిపాక బ్రేక్‌అవే పరీక్ష ఒకటి మిగిలి ఉంటుంది. ఏడు బ్లేడ్ల ప్లగ్గును బండి నుంచి తీసేసి, అప్పుడు బ్రేక్‌అవే పిన్ను లాగండి. ప్లగ్గు పెట్టి ఉంచి లాగితే ఆ వోల్టేజీ వెనక్కి వెళ్లి కంట్రోలర్‌ను పాడు చేయవచ్చు. చక్రాలు పట్టేయాలి. చూడగానే పిన్ను తిరిగి పెట్టేయండి, ఎక్కువసేపు ఉంచితే మాగ్నెట్లు వేడెక్కుతాయి, బ్యాటరీ ఖాళీ అవుతుంది.

ముందుగా గ్రౌండులో ఎన్ని వోల్టులు పడుతున్నాయో, బ్రేకులు మొత్తం ఎన్ని ఆంపియర్లు లాగుతున్నాయో కొలిచి ఇక్కడ రాయండి. ప్లగ్గు వెనక మూత విప్పాక వైరు కొసల ఫొటో కూడా పెట్టండి. అవి చూస్తే ఎక్కడిదాకా కోయాలో చెప్పగలను.